విరగడానికే పాతిన గుంజలు

మామయ్య పోయిన నెలకి ఆఫీసు నుంచి సంతాప లేఖ వచ్చింది. క్రమశిక్షణ గల ఉద్యోగి అని, శాఖకు తీరని లోటు అని రాశారు. కింద ఇంజినీరుగారి సంతకం. అత్త చదవమంటే పైకి చదివాను గానీ ఆ సంతకం మాత్రం చదవలేదు. అత్త దాన్ని బీరువాలో పెట్టబోతే, "ఇలా ఇవ్వత్తా, నా దగ్గర ఉంచుతాను" అని తెచ్చేసుకున్నాను. ఆ కాగితం ఆ ఇంట్లో ఉండటం నాకు ఇష్టం లేదు. మామయ్య ఎలాంటివాడో, ఆ సంతకం ఏం చేసిందో నాకు గుర్తున్నంతవరకు రాస్తాను.

మామయ్య మా అమ్మకి తమ్ముడు. రోడ్ల శాఖలో గ్యాంగు మేస్త్రి. గుంతలు పూడ్పించటం, అంచుల్లో గడ్డి కొట్టించటం, బోర్డులు పాతించటం, ముప్పై నాలుగేళ్ళు అదే పని. అందరికీ చొక్కా జేబులో పెన్నుంటుంది, ఆయనకి ఇనప టేపుండేది. అందుకే టేపు మేస్త్రి అనేవారు. ఎక్కడైనా బండి రోడ్డు దిగి మనుషులు పోయారంటే, జనం నెత్తురు చూడటానికి వెళ్ళేవాళ్ళు, ఈయన కొలవటానికి వెళ్ళేవాడు. రోడ్డు అంచు నుంచి ఆ బండి దేన్ని గుద్దుకుందో అంతవరకు టేపు లాగి, నోటుపుస్తకంలో రాసుకునేవాడు. చెట్టు, ఏడడుగులు. కరెంటు స్తంభం, అయిదడుగులు. అంతే.

"పోయిందెవరో రాయవేం మామయ్యా?" అని ఒకసారి అడిగాను.

"పోయినవాళ్ళని జరపలేం కదమ్మాయ్. స్తంభాన్ని జరపొచ్చు."

ఆయన వాదన చాలా చిన్నది. మనిషన్నాక తుమ్ముతాడు, కునుకు తీస్తాడు, టైరు పేలుతుంది, కుక్క అడ్డమొస్తుంది. రోడ్డు దిగటం ఎవరికైనా జరుగుతుంది. దిగినవాడికి ఎదురుగా మనం ఏం నిలబెట్టామన్నదే మన పని. ఈ పిచ్చి ఇంట్లో కూడా ఉండేది. నడవాలో బల్ల కనిపిస్తే గోడ వారకి నెట్టేసేవాడు. "ఈ ఇంట్లో తిరిగేది నేనొక్కదాన్ని. నేనేమన్నా లారీనా, నాకింత ఖాళీ దేనికి?" అని అత్త దెప్పేది.

మా తమ్ముడు మందుల కంపెనీ కారు నడుపుకుంటూ పొద్దున పదింటికి, ఎండలో, ఖాళీ రోడ్డు మీద ప్రాణం పోగొట్టుకున్నాడు. వంపు దగ్గర కారు ఎడమకి దిగింది. అక్కడ అంచున ఒక కాంక్రీటు దిమ్మ ఉంది. ఆ రోడ్డుకి ప్రారంభోత్సవం చేసినప్పుడు కట్టిన శిలాఫలకం దిమ్మ అది. దాని మీద తొమ్మిది మంది పెద్దల పేర్లు చెక్కి ఉన్నాయి. దాని వెనక ఎనభై గజాల వరకు దున్నిన చేను తప్ప ఏమీ లేదు. మామయ్య నోటుపుస్తకంలో ఆ రోజు రాసిన ముక్క నేను చూశాను: శిలాఫలకం, నాలుగడుగుల రెండంగుళాలు. మిగిలిన ముక్కలకీ దానికీ తేడా లేదు, అక్షరాలు కొంచెం వంకరపోయాయంతే.

"దిమ్మ లేకపోతే చేలో దిగబడి ఆగేవాడే. బురదకాళ్ళతో ఇంటికొచ్చి మీ అమ్మ చేత తిట్లు తినేవాడు" అన్నాడు నాతో, మొహం అటు తిప్పుకుని.

పలకరించటానికి వచ్చినవాళ్ళు మాత్రం వాడి తప్పు వెతికారు. స్పీడుగా పోయి ఉంటాడనీ ఫోను చూస్తూ ఉంటాడనీ టీ చప్పరిస్తూ తేల్చేశారు. దిమ్మ సంగతి ఒక్కరూ ఎత్తలేదు. ఆఫీసువాళ్ళు ఎత్తారు, నిజమే. పదో రోజుకల్లా మనిషిని పంపి, కారు తగిలి అంచు పగిలిన ఫలకాన్ని బాగు చేయించి, పేర్లకి కొత్తగా బంగారు రంగు వేయించారు.

మామయ్య వెళ్ళి దిమ్మ తీయించమని అడిగాడు. ఇంజినీరుగారు నొచ్చుకున్నారట.

"దాని మీద పెద్దల పేర్లున్నాయి మేస్త్రీ, ఎలా తీస్తాం? అయినా దిమ్మ వచ్చి మీవాణ్ణి గుద్దిందా?"

దానికి బదులు అక్కడికి నలభై గజాల ఇవతల ఒక హెచ్చరిక బోర్డు పెట్టమని ఆర్డరు వేశారు. ప్రమాద స్థలం, నెమ్మదిగా వెళ్ళండి అని మూరెడు అక్షరాలు. దాన్ని మోయటానికి తొడ లావు ఇనప స్తంభం, కింద మూడడుగుల కాంక్రీటు. రోడ్డు అంచుకి మూడే అడుగుల దూరం. మనుషుల్ని కాపాడటానికట. పాతాల్సింది మామయ్యే.

ఆయన స్తంభాన్ని స్టోరులోనే వదిలేసి, రెండు చెక్క గుంజలు తెచ్చాడు. నేలకి జానెడు ఎత్తున ఒక్కో గుంజకి అడ్డంగా రెండు బొక్కలు తొలిచాడు. గాలికి నిలబడాలి, బండి తగిలితే విరగాలి. ముందు ఇంటి వెనక పరీక్ష చేశాడు. తోపుడు బండి నిండా కంకర పోసి, వాలులో వదిలితే బొక్కల్లేని గుంజ దగ్గర బండి బోర్లాపడింది. బొక్కలున్నది ఫట్‌మని విరిగింది, బండి సాగిపోయి అత్త తులసికోటంత ఎత్తు పేర్చుకున్న పొయ్యి కట్టెల కుప్పలో ఆగింది.

"రిటైరయ్యే వయసులో కర్రలు విరగ్గొట్టే ఆటలేంటయ్యా? పక్కింటివాళ్ళు గోడెక్కి చూస్తున్నారు" అంది అత్త.

"చూడనీ. టిక్కెట్టు పెట్టలేదుగా."

బోర్డు లేచిన వారానికి గ్యాంగులో రంగులేసే అతను వెళ్ళి గుంజలకి నలుపు తెలుపు పట్టీలు వేశాడు. పనిమంతుడు. బొక్కలున్న చెక్కకి రంగేస్తే తనకి మాటొస్తుందని, వాటిని సిమెంటుతో కూరి, పైన ఇనప పట్టీ కూడా బిగించి వచ్చాడు. "గుంజలకి పురుగు పట్టింది మేస్త్రిగారూ, గట్టి చేసొచ్చాను" అని సంతోషంగా చెప్పాడు. మామయ్య ఉలి తీసుకుని వెళ్ళి, పట్టీ ఊడదీసి, సిమెంటంతా తవ్వి వచ్చాడు.

ఆరు నెలలకి ఒక వ్యాను అక్కడే రోడ్డు దిగింది. డ్రైవరు, అతని భార్య, ఇద్దరు పిల్లలు. రెండు గుంజలూ విరిగి బోర్డు వ్యాను మీద నుంచి ఎగిరిపోయింది. వ్యాను చేలోకి పోయి ఆగింది. నలుగురూ తలుపు తీసుకుని దిగారు.

మూడో రోజున మామయ్యకి మెమో వచ్చింది. నాసిరకం పని వల్ల ప్రభుత్వ ఆస్తికి నష్టం, సంజాయిషీ ఇవ్వాలి అని. కింద అదే సంతకం. ఇంజినీరుగారు పిలిచి, టైపు చేయించిన కాగితం ముందుకు జరిపారు.

"తప్పయిందని సంతకం పెట్టెయ్. హెచ్చరికతో పోతుంది. ఎనిమిది నెలల్లో రిటైరవుతున్నావు, ఎందుకొచ్చిన గొడవ?"

"సంతకం పెడితే అక్కడ మళ్ళీ ఏం పెడతారండి?"

"ఏముంది, మొదట చెప్పిన ఇనప స్తంభమే. ఈసారి గట్టిగా."

"అయితే పెట్టను."

విచారణ రోజున అత్త నన్ను తోడు పంపింది. గది తలుపు దగ్గర బెంచీ మీద కూర్చున్నాను. మామయ్య విరిగిన గుంజ మొదలు పాత న్యూస్‌పేపరులో చుట్టి తెచ్చాడు, బొక్కలు చూపించి చెబుదామని. విచారణాధికారి దాన్ని చూసి, "కింద పెట్టండి, టేబులు మాసిపోతుంది" అన్నాడు. మళ్ళీ దానివైపు చూడలేదు. వ్యానులో ఎంతమంది ఉన్నారో, ఏమయ్యారో ఆ గంటన్నరలో ఒక్కడూ అడగలేదు. బోర్డు రేకు మందం మూడుసార్లు అడిగారు.

సాక్షిగా వ్యాను డ్రైవర్ని పిలిచారు. బోర్డు పాడుచేసిన కేసు తన మీద పడుతుందేమోనని అతని భయం.

"ఎలా విరిగింది?"

"పుల్లలా విరిగింది సార్. గట్టి గుంజయితే విరుగుతుందా? పక్కా నాసిరకం."

అధికారి పక్కన కూర్చున్న ఇంజినీరుగారు తల ఊపారు. ఏమైనా చెప్పుకుంటావా అని అధికారి మామయ్యని అడిగాడు. ఆయన లేచి, "నాసిరకం కాదండి. విరగాలనే పాతాను. మళ్ళీ పాతమంటే మళ్ళీ అలాగే పాతుతాను" అన్నాడు. రాసేవాడు అందులో మొదటి ముక్క వదిలేసి, విరగాలనే పాతాను అన్నంతవరకే రాసుకున్నాడు. నేరం ఒప్పుకున్నట్టు అయింది.

బయట వరండాలో ఆ డ్రైవరు దగ్గరికొచ్చాడు.

"ఏమనుకోకు పెద్దాయనా. పిల్లలున్నవాణ్ణి."

"పిల్లలకి దెబ్బలేమైనా తగిలాయా?" అన్నాడు మామయ్య.

"చిన్నదానికి మోచెయ్యి గీరుకుంది, అంతే."

"మంచిది."

అతను మెట్లు దిగి వెళ్ళిపోతుంటే, నాకు వెనకనుంచి చొక్కా పట్టుకుని లాగాలనిపించింది. "వాడి కోసమా నువ్వింత చేసింది? అంత అబద్ధం ఎలా చెప్పాడు?" అన్నాను.

"ఊరుకో అమ్మాయ్. అబద్ధం చెప్పటానికైనా బతికున్నాడు."

ఆయనకి అది సరిపోయిందేమో. నాకు ఇప్పటికీ సరిపోలేదు.

మామయ్యని గ్యాంగు నుంచి తీసేసి స్టోరులో కూర్చోబెట్టారు. పారలు, బుట్టలు ఇచ్చి పుచ్చుకునే పని. నెల తిరక్కుండా ఇనప స్తంభం పాతటానికి రోజు ఖాయమైంది. ఆ ముందురోజు సాయంత్రం ఇంజినీరుగారు కబురు పంపారు, కాంక్రీటు వేయటంలో మేస్త్రి చెయ్యి మంచిది, రేపొక్క పూట వచ్చి దగ్గరుండి వేయించమని. పరువు తీసి మూల కూర్చోబెట్టిన మనిషినే, ఏ మొహంతో పిలిచారో.

మామయ్య సెలవు చీటీ తీసుకుని బల్ల దగ్గర కూర్చున్నాడు. పేరు రాశాడు, తేదీ వేశాడు. కారణం అన్న చోట ఆగాడు.

"ఒంట్లో బాగాలేదని రాసెయ్యి, ఎవరూ అడగరు" అంది అత్త.

"ఒంట్లో బాగానే ఉందిగా" అని, ఆ గడి అలాగే ఖాళీగా వదిలేసి, కింద సంతకం పెట్టాడు.