దానంతటదే మోగిన టీవీ

చిట్కుల్‌లో మేం కిరాయికి ఉన్న ఇల్లు మేడ మీద పోర్షన్. మా ఆయనకు మందుల కంపెనీలో షిఫ్టు పని, నాకు ఇస్నాపూర్‌లో ఒక ప్రైవేటు బడిలో టీచరు ఉద్యోగం. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన మా అత్తమ్మ పగలంతా ముందుగదిలో మంచం మీదే ఉండేది. వాకర్ పట్టుకుని బాత్రూం దాకా వెళ్లి రావడమే ఆమెకు గగనమయ్యేది. కింద ఉండే ఇంటి ఓనరమ్మ మధ్యలో ఒకసారి పైకొచ్చి చూసిపోయేది. ఆమె కోసమే తలుపుకు తాళం వేయకుండా దగ్గరకు లాగి వెళ్లేవాళ్లం.

టీవీ రిమోట్ పాడైనప్పుడు మా ఆయన తన ఫోన్‌నే రిమోట్‌గా మార్చాడు. ఫోన్ పైఅంచున చిన్న నల్లచుక్క ఉండేది. కంటికి కనపడని కిరణం అందులోంచి పోతుందని చెప్పాడు. అత్తమ్మ టీవీలో బైబిలు వాక్యం వింటుంటే వెనక నిలబడి సౌండు తగ్గించి ఏడిపించేవాడు.

"నీ ఫోన్ల మన్నువడ! ముసలిదానితోని ఆటలాడుతున్నవారా?" అని ఆమె నవ్వుతూ తిట్టేది. తర్వాత ఆమె కోసం బజారులో మామూలు రిమోట్ ఒకటి కొన్నాం.

ఆ ఎండాకాలం మొదట్లో ఒక సాయంత్రం నేను బడి నుంచి రాగానే అత్తమ్మ, "బిడ్డా, ఇయ్యాల టీవీ దానంతటదే షురువైంది. బంద్ జేస్తే మల్ల షురువైంది" అంది.

"రిమోట్ వీపు కింద వడ్డదేమో అత్తమ్మా."

"బల్ల మీదుండె. నేను ముట్టనే లేదు."

కరెంటు హెచ్చుతగ్గుల వల్ల అయుంటుందనుకున్నాను. కానీ మళ్లీ అలాగే జరిగింది. ఒక్కోరోజు సౌండు చెవులు పగిలేంతగా పెరిగేదట. ఆమె తంటాలు పడి రిమోట్ అందుకుని తగ్గించేదాకా అలాగే మోగేదట. పాస్టరుగారిని పిలిచి ప్రార్థన చేయించాం. రెండు రోజులు ఊరుకుని మళ్లీ మొదలైంది. ఆమె రిమోట్‌లో సెల్లులు తీసి దిండు కింద దాచుకుంది. అయినా టీవీ మోగింది.

"నేను లేస్తనా లేదా అని ఎవలో సూస్తున్నట్టే ఉంది బిడ్డా" అంది ఒకరోజు అన్నం కలుపుతూ. ఆ మాట నాకు నచ్చలేదు. ఒంటరితనంతో ఏవేవో ఊహించుకుంటోందని మా ఆయనతో అన్నాను.

తర్వాత నాకు జ్వరం వచ్చి ఇంట్లోనే ఉండిపోయాను. మధ్యాహ్నం లోపలి గదిలో పడుకున్నాను. అత్తమ్మ నొప్పిబిళ్ల వేసుకుని గాఢంగా నిద్రపోతోంది. ఉన్నట్టుండి టీవీ మోగింది. లేచి గుమ్మం దాకా వచ్చాను. తెర మీద సౌండు గీత మెల్లగా పొడవవుతోంది. ఎవరో ఆపి, మళ్లీ పెంచుతున్నట్టుంది. ఇల్లంతా హోరెత్తినా అత్తమ్మ కదల్లేదు. నేనూ నిలబడినచోటే ఉండిపోయాను.

కాసేపటికి తలుపు లోపలికి కదిలింది.

ఓనరమ్మ అనుకున్నాను. ఆమె అయితే మెట్ల మీద నుంచే "పెద్దమ్మా" అని పిలుస్తుంది. ఇప్పుడు పిలుపు లేదు. సందులోంచి నాలుగు వేళ్లు కనిపించాయి, మగవాడి వేళ్లు. "ఎవరు?" అని అరిచాను. ఆ హోరులో నా గొంతు నాకే వినపడలేదు. ఉరికి తలుపును భుజంతో నెట్టాను. అవతలివాడు ఒక్క క్షణం తోసి వదిలేశాడు. గడియ పెట్టి కిటికీ దగ్గరకు పరిగెత్తాను. కింద గల్లీలో కంపెనీ యూనిఫారాలతో చాలామంది షిఫ్టు బస్సు కోసం నడుస్తున్నారు. వాళ్లలో ఎవడైనా కావచ్చు.

పని నుంచి వచ్చిన మా ఆయన అంతా విని తన ఫోన్ తీసి పైఅంచున నల్లచుక్కను చూశాడు. "ఫోన్‌తోనే జేసిన్రు. గానీ ఆ కిరణం గోడలల్లకెళ్లి రాదు. టీవీ కండ్ల ముందుండాలె" అన్నాడు.

టీవీ కనపడేచోటి నుంచి మంచం కూడా కనపడుతుంది. ఇద్దరం ఒకేసారి కిటికీ వైపు చూశాం. ఇరుకు గల్లీకి అవతల మా ఎత్తులోనే ఒక గది ఉంది.

మా ఇంటి ఓనరును తీసుకుని అక్కడికి వెళ్లాం. ఆ ఇంటాయన, "ఆ గదిల కిరాయికున్నోడు పొద్దుమీకక ముందే సంచి సర్దుకొని వోయిండు. ఆధార్ కాగితం ఇస్త ఇస్త అన్నడు, ఇయ్యనే లేదు" అన్నాడు. గది ఖాళీగా ఉంది. కిటికీకి ఎదురుగా ఒక ప్లాస్టిక్ కుర్చీ మాత్రం మిగిలింది. అందులో కూర్చుంటే మా ముందుగది మొత్తం కనిపించింది. అత్తమ్మ మంచం, గోడకు ఆనించిన వాకర్, బీరువా, దగ్గరకు వేసిన తలుపు. నేను నిలబడిన లోపలి గది గుమ్మం ఒక్కటే కనపడలేదు.

మా ఆయన ఫోన్ తీసి కిటికీలోంచి నొక్కాడు. అక్కడ టీవీ వెలిగింది. అత్తమ్మ దాని వైపు చూడలేదు. మెల్లగా తల తిప్పి మేమున్న కిటికీ వైపు చూసింది. చీకట్లో ఉన్న మమ్మల్ని గుర్తుపట్టలేక దుప్పటిని మెడదాకా లాక్కుంది. "నేనే అత్తమ్మా, నేనే" అని కేకలు వేస్తూ మెట్లు దిగి పరిగెత్తాను.

పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాం. వాడెవడో ఇప్పటికీ తెలియదు. ఆ నెలాఖరుకే పోతిరెడ్డిపల్లికి మారాం. ఇక్కడ తలుపు గడియ లోపలి నుంచే పడుతుంది. నేను బడి నుంచి వచ్చి పిలిస్తే అత్తమ్మ వెంటనే తీయదు. ఇంకోసారి మాట్లాడమంటుంది. నా గొంతేనని నమ్మకం కుదిరాకే వాకర్ చప్పుడు తలుపు వైపు వస్తుంది.