సూర్యం బ్రష్షు మీద రెండక్షరాలు

పలాస స్టేషన్ రోడ్డులో సామాన్ల మీద పేర్లు చెక్కే తారకేశ్వరరావుకి ఒకటే జబ్బు. చేతికొచ్చిన వస్తువు ఓ పట్టాన తిరిగివ్వడు. దొంగ కాడు. ఎప్పుడు వెళ్లి అడిగినా, "ఒక్కచ్చరం ఉండిపోనాది, మంగలారం రండి" అంటాడు. పెళ్లికని ఇచ్చిన బిందె బారసాలకి అందింది. కబడ్డీ కప్పు చేతికొచ్చేసరికి గెలిచిన కెప్టెనుకి బొజ్జ వచ్చింది. ఆయన కొట్టు బోర్డు మీద కూడా 'తారకేశ్వరరా' వరకే ఉంది. మిగిలిన 'వు' ఇరవయ్యేళ్లుగా మంగళవారం కోసం కాచుకుని ఉంది.

అలాంటివాడి చేతిలో బంగారమ్మ తన భర్త గెడ్డం గీసుకునే బ్రష్షు పెట్టింది.

సూర్యం మిలిటరీలో ఉన్నప్పుడు అందరి బ్రష్షులూ ఒక్కలాగే ఉండేవని, తెల్ల పిడి మీద మేకుతో తన పేరు గీసుకుని సిరా పూశాడు. మొన్న కిడ్నీలు పోయి మనిషి పోయాడు. సిరా ఏనాడో పోయింది. ఇప్పుడు వేలితో తడిమితే తప్ప పేరు తెలియదు. ఇంట్లో ఆయన చేత్తో రాసింది అదొక్కటే. మిగిలినవన్నీ ఆసుపత్రి చీటీలు. వాటి మీది రాత రాసినవాడికైనా అర్థమైందో లేదో.

"మీ అచ్చరం ముత్యంలాగుంటాదంటారన్నయ్యా. నాకది వద్దు. ఆయన గీసిందే కనపడాల. ఒక్క గీత మీది పడినా నాకు పనికిరాదు."

"రెండచ్చరాలే గదమ్మా. మంగలారం రా."

మంగళవారం బారువ వైపు నుంచి బస్సెక్కి వచ్చింది.

"ఒక్కచ్చరం ఉండిపోనాది."

"ఉన్నవే రెండన్నయ్యా."

"అందులో ఒకటి ఉండిపోనాది."

ఊరికే పంపడు. బల్ల మీద కూర్చోబెట్టి ఆరా తీస్తాడు. "ఈ 'ర్యం' తోక ఇలా గిర్రున తిరిగిందేటి? తొందర మనిషా?"

"తొందరా? కంచం ముందు కూకుంటే గంట. ముల్లు తీసిన సేపకే మల్లీ ముల్లు తీసీవోడు."

పక్క టీకొట్టు జోగమ్మ గ్లాసు అందిస్తూ, "మా ఆయనైతే ముల్లుతో సహా మింగీసి నన్ను తిట్టీవోడు" అనేది. బంగారమ్మకి నవ్వొచ్చేది. నవ్వినందుకు తన మీద తనకే ఒళ్లు మండేది.

ఇంట్లో ఆ పేరెత్తితే మరిది టీవీ శబ్దం పెంచుతాడు. తోటికోడలు "మరిసిపోవాలక్కా" అంటుంది, పప్పులో ఉప్పు మరిచిపోయినంత తేలిగ్గా. తమ ఉద్దానం పల్లెల్లో ఈ కిడ్నీ చావులు ఎక్కువైపోయి, ఏడుపుక్కూడా రేషను పెట్టారు. మనిషికి వారం రోజులు.

ఏడు నెలలు గడిచాయి. గీత తప్పిపోయిందేమో, చెప్పే ధైర్యం లేక తిప్పుతున్నాడేమోనని బంగారమ్మకి భయం పట్టుకుంది. ఓ మంగళవారం తొలి బస్సుకే వచ్చింది. ఆయన ఇంకా రాలేదు. తాళం తీసి కొట్టు ఊడుస్తున్న జోగమ్మ వద్దంటున్నా వినకుండా సొరుగు లాగింది.

బ్రష్షు గుడ్డలో చుట్టి ఉంది. గాడుల్లో నల్లరంగు నింపి, పైన అంటింది తుడిచేశాడు. సూర్యం. కొత్త గీత ఒక్కటి లేదు. తోక భర్త తిప్పినట్టే తిరిగి ఉంది. పని పూర్తయ్యాక అంటించే చీటీ మీద తేదీ చూసింది. ఆమె బ్రష్షు ఇచ్చిన మర్నాడు.

తారకేశ్వరరావు సైకిలు దిగుతూనే ఆమె చేతిలోది చూసి అక్కడే ఆగిపోయాడు.

"ఏడు నెల్లు బస్సుల్లో తిప్పినావు. సచ్చినోడి సామానుతో ఆటలేటి నీకు?"

ఆయన సైకిలుకి స్టాండు వేశాడు. తీసి మళ్లీ వేశాడు. "మొదటిరోజు నువ్వు మూడు గంటలు కూకున్నావమ్మా. బ్రష్షు గురించి తప్ప ఒక్క మాట మాటాడనేదు. ఇచ్చేత్తే ఇంక రావు, ఆయన గురించి ఎవులికీ సెప్పుకోవనిపించినాది. తప్పే. పట్టుకెల్లు."

"పెల్లోల్ల బిందెలకైతే ఈయనది ఒట్టి బద్దకమే," అంది జోగమ్మ. "సావింటి సామాను మాత్రం మర్నాటికే సేసీసి దాసీత్తాడు."

బంగారమ్మ బ్రష్షు సంచిలో పెట్టుకుని గుమ్మం వైపు నడిచింది.

అప్పుడే ఒకావిడ వచ్చింది. డొంకూరు నుంచి, వట్టి మెడతో. చేతిలో మూడు గిన్నెల కేరేజీ. దాని మీద మొగుడి పేరు అరిగిపోయింది. "రేపటికి ఇచ్చేత్తారా బాబూ?"

"రేపే ఇచ్చేత్తానమ్మా," అన్నాడు తారకేశ్వరరావు, తిట్లు తిన్న బుద్ధితో.

బంగారమ్మ గుమ్మం దగ్గర ఆగింది. వెనక్కొచ్చి, బల్ల మీద కూర్చుని, కాస్త పక్కకి జరిగింది.

"ఆయన మాట నమ్మకు. రేపవ్వదు. సానా రోజులవుద్ది. ఇలా కూకో. మీ ఆయన ఆ పై గిన్నెలో ఏ కూర పెట్టమనీవోడు?"