పక్క చేను మందు, సింహాచలం కాకర

మా అపార్ట్‌మెంటులో కొందరం కలిసి రైతు దగ్గరే నేరుగా కూరగాయలు కొనాలనుకున్నాం. శుభ్రత నియమాలన్నీ పాటించి కాకర పండించే సింహాచలం అనే రైతు గజపతినగరం దగ్గర ఉన్నాడని తెలిసి, తోట చూసి రమ్మని నన్ను పంపారు. పొద్దున్నే విశాఖలో బయల్దేరి, విజయనగరంలో బస్సు మారి, తొమ్మిదిన్నరకు గజపతినగరంలో దిగాను. అక్కణ్ణుంచి ఊళ్లోకి షేర్ ఆటో ముప్పై రూపాయలు. "సింహాచలం కాడికా? ఆడు పందిరి పీకేస్తన్నాడు కదమ్మా," అన్నాడు డ్రైవరు.

నిజమే. సింహాచలం, అతని భార్య పైడమ్మ తీగలు కోసి గట్టున వేస్తున్నారు. కాయలింకా వాటికి వేలాడుతూనే ఉన్నాయి.

"మందు కొట్టినాక సెప్పినన్ని రోజులు ఆగే కోసాం. సేతులు కడగందే కాయ ముట్టలేదు. పశువుని లోపలికి రానీలేదు," అన్నాడతను. "అయినా మా కాయ కొనే కంపెనీవోళ్ల పరీక్షలో మందు దొరికిందట. మేం ఎప్పుడూ కొనని మందు. ఇంక మా కాయ ఒద్దన్నారు."

ఆ మందు పక్కనున్న పత్తి చేనుది. గాలికి కొట్టుకొచ్చింది. ఆ చేను సింహాచలం సొంత తమ్ముడిదే. మా మాటలు విని అతను గట్టు మీదకు వచ్చాడు. "పురుగు తినేస్తంటే సూస్తూ కూకోమంటావేటి అన్నా?" అన్నాడు. సింహాచలం మరో తీగ కోసి గట్టున పడేశాడు. రెండు చేల మధ్యలో ఖాళీ వదలమంటుంది నియమం. ఉన్న అరెకరంలో అంత జాగా వదిలితే పందిరికి మిగిలేది కొంచెమే.

ఈ కాయలు సంతలో అమ్మొచ్చు కదా అని అడిగాను.

"అక్కడ ఏం మందు కొట్టారని ఎవులూ అడగరమ్మా. అయినా తెలిసీ తెలిసీ పిల్లలున్నోళ్లకి ఎలగ పెడతాం?" అంటూ పైడమ్మ కాయల గంపను గోతిలో బోర్లించింది.

"వచ్చే పంట మేవూ పత్తే ఏస్తాం," అన్నాడు సింహాచలం. "దాన్నెవుడూ తినడు. ఎవుడూ పరీక్ష సెయ్యడు."

మధ్యాహ్నం వాళ్లు పెట్టిన పప్పన్నం తిని బయల్దేరాను. తిరిగి బస్టాండుకు వస్తే అక్కడ కాకరకాయలు రాశులుగా ఉన్నాయి. వీటికేం మందు కొట్టారని అడిగితే అమ్మే ఆవిడ నవ్వింది. "కూర సేసుకుంటావా, పరీక్ష రాస్తావా అమ్మా?"

ఇంటికెళ్లి ఏం చెప్పాలో బస్సులో దారంతా తోచలేదు. తినే కాయ శుభ్రంగా ఉండాలనడంలో తప్పు లేదు. కానీ ఆ బరువంతా అరెకరం రైతు ఒక్కడి మీదే పడింది. ఆ పందిరి మళ్లీ లేస్తుందన్న ఆశ నాకు లేదు. మీరూ ఇలా తోట చూడ్డానికి వెళ్తుంటే ఒక్క మాట: రైతుతో మాట్లాడి వచ్చేయకండి, గట్టు దాటి పక్క చేనులో ఏం వేశారో, ఎప్పుడు మందు కొడతారో కూడా కనుక్కోండి.