మగ్గం గుంట మీద కారు

చెంచురామయ్య గురించి జాండ్రపేటలో చెప్పుకునే మాటల్లో చాలావరకు నిజం కాదు. ఆ పాత జర్మనీ కారును ఆయన ప్రత్తిపాడు జిన్నింగు మిల్లు నుంచి దొంగతనంగా తోలుకొచ్చాడని అన్నారు. తోలుకురావడానికి అసలు ఆ కారు నడిచే స్థితిలో లేదు. పట్టపగలు, ట్రాక్టరు ట్రక్కు మీద, నలుగురూ చూస్తుండగా వచ్చింది. మిల్లు యజమాని కొడుకు సంతకం పెట్టిన కాగితాలు ఆ వారంలోనే ఆయన పేరు మీదికి మారాయి. సీట్ల కింద పెద్ద యజమాని దాచిన బంగారం దొరికిందని అన్నారు. సీట్లు విప్పిన రోజు పక్కనే ఉన్న స్నేహితుడు గౌస్ బాషా చూసింది ఎలుకల గూళ్ళు, పత్తిగింజల పొట్టు. పెళ్ళి ఊరేగింపులకు అద్దెకు తిప్పడానికి తెచ్చాడని అన్నారు. అది ఇంతవరకు ఒక్క పెళ్ళికీ వెళ్ళలేదు. భార్య సామ్రాజ్యం అలిగి పుట్టింటికి వెళ్ళిపోయిందని అన్నారు. ఆమె ఒక్క రోజు కూడా ఇల్లు విడిచి వెళ్ళలేదు. అన్నిటికంటె ఎక్కువమంది నమ్మిన అబద్ధం మరొకటి ఉంది: ఆ ఇంట్లో మగ్గం ఎప్పుడో మూలపడిందని, ఖాళీగా ఉన్న చోటును కారు నింపిందని. కారు రావడానికి ముందు రోజు సాయంత్రమే సామ్రాజ్యం ఆ మగ్గం మీది నుంచి చీర కోసి దించింది. మగ్గానికి ఎక్కించే కొత్త పడుగు రెండు రోజుల్లో రావలసి ఉంది. ఆ రెండు రోజుల సందులోనే కారు వచ్చింది.

చెంచురామయ్య నేతవాళ్ళ ఇంట పుట్టాడు గాని నేతలో నిలవలేదు. పద్దెనిమిదో ఏట స్టీరింగు పట్టాడు. ఇరవై ఏడేళ్ళు ప్రత్తిపాడు మిల్లు యజమాని దగ్గర డ్రైవరుగా ఉన్నాడు. పత్తి సీజనులో నెలకొకసారి, మిగతా రోజుల్లో వారానికొకసారి ఇంటికి వచ్చేవాడు. ఇల్లు నడిపింది సామ్రాజ్యం. ఆమె నేల గుంటలో కాళ్ళు దించి నేసే గుంట మగ్గం మీద వంద కౌంటు నూలుతో చీర నేసేది. అంత సన్నని నూలు నేయగల చేతులు ఆ వీధిలో మూడో నాలుగో ఉండేవి. చీరాల బజారులో చీర విప్పి పట్టుకోగానే "ఇది సామ్రాజ్యమ్మ నేత" అని పోల్చగలిగే వ్యాపారులు ఉండేవారు. ఇద్దరు కూతుళ్ళను డిగ్రీ దాకా చదివించింది ఆ మగ్గమే. ఈ విషయం చెంచురామయ్యకు తెలుసు. పదిమందిలో గర్వంగా చెప్పుకునేవాడు కూడా.

కారు కథ వేరు. పెద్ద యజమాని దాన్ని ముచ్చటపడి కొన్నాడు. నల్లని పొడుగాటి బండి. వెనక సీట్లో కూర్చున్నవాడికి గుంతల రోడ్డు కూడా తెలిసేది కాదు. దాని ఇంజను వేడెక్కకుండా కంపెనీవారు చెప్పిన కూలెంటు పోయాలి. చెంచురామయ్య మొదట్లో పోశాడు. తరవాత తరవాత, పత్తి కొనుగోళ్ళకు దర్శి వైపు తిరిగే రోజుల్లో, ఏ పొలం బోరు దగ్గర ఆపితే అక్కడి నీళ్ళు పోసేవాడు. ఆ నీళ్ళు కాస్తే గిన్నె అడుగున తెల్లగా పేరుకునే సంగతి ఆ ప్రాంతంలో ఆడవాళ్ళందరికీ తెలుసు. 2012 మే నెలలో, దర్శి దాటి పది కిలోమీటర్లు రాగానే వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది. యజమాని వెనక నుంచి ఫోనులో ఎవరితోనో ధర మాట్లాడుతున్నాడు. చెంచురామయ్య ముల్లును చూశాడు. ఆపలేదు. మరో ఆరు కిలోమీటర్లకు ఇంజను తనంతట తనే ఆగింది.

"ఏమైందిరా?" అని యజమాని అడిగాడు.

"జర్మనీ బండి కదండీ. మన ఎండలకు ఆగదండి," అన్నాడు చెంచురామయ్య.

యజమాని ఆ మాట నమ్మాడు. ఆ ఏడే మరో కారు కొన్నాడు. పాతది గింజల గోడౌనులో తొమ్మిదేళ్ళు పడి ఉంది. వచ్చినవాళ్ళు దాన్ని చూసి అడిగినప్పుడల్లా యజమాని అదే మాట చెప్పేవాడు: మన ఎండలకు ఆగలేదు. గోడౌను గుమ్మంలో నిలబడి చెంచురామయ్య ఆ మాట ఎన్నిసార్లు విన్నాడో. యజమాని 2020లో చనిపోయాడు. కొడుకు గోడౌను ఖాళీ చేయిస్తూ కారును తుక్కుకు వేయబోతే, చెంచురామయ్య తనకు ఇమ్మని అడిగాడు. కారణం ఎవరికీ చెప్పలేదు. భార్యకు కూడా చెప్పలేదు.

ఆమెకు చెప్పింది ఒకటే. "మూడు నెలలు. అంతే. బండి పైకెత్తి పనిచేయడానికి కింద గుంట కావాలి. బయట తవ్వితే రెండడుగులకే నీరు ఊరుతుంది. మన మగ్గం గుంట ఎత్తు మీద, తయారుగా ఉంది."

"వచ్చే పడుగు?"

"మూడు నెలలు ఆగమని చెప్పు. నీ చేతికోసం ఆగరా ఏంటి?"

సామ్రాజ్యం లేచి వీధి వైపు చూసింది. "గోడ కూడా కొట్టాలా?" అని మాత్రం అడిగింది. వీధి గోడ కొట్టారు. మగ్గం విప్పి, కొయ్యలన్నీ తాళ్ళతో కట్టి అటక మీద పెట్టారు. కారు లోపలికి వచ్చి, నాలుగు తరాలవాళ్ళు కాళ్ళు దించి కూర్చున్న గుంట మీద నిలబడింది.

గౌస్ బాషా చెంచురామయ్యకు చిన్ననాటి స్నేహితుడు. చీరాలలో లారీలకు టింకరింగ్ చేసి మానేసినవాడు. రోజూ పొద్దున్నే వచ్చేవాడు. ఇద్దరూ కలిసి ఇంజను హెడ్ విప్పిన రోజున, నీళ్ళు తిరిగే దారులన్నీ తెల్లటి గట్టి పెచ్చుతో పూడిపోయి కనిపించాయి. బాషా స్క్రూడ్రైవరుతో ఒక పెచ్చు ఊడదీసి వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"ఏరా చెంచయ్యా, ఇందులో కూలెంటు పోశావా, సున్నం వేశావా?"

చెంచురామయ్య బాషా చేతిలోంచి స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. ఆ పెచ్చును గీకి తీయడానికే ఆయనకు పదకొండు రోజులు పట్టింది. ఆ పని బాషాను ముట్టనివ్వలేదు.

మొదటి వర్షాలకు గుంట గోడల మట్టి రాలడం మొదలుపెట్టింది. కింద పడుకుని పనిచేసేవాడి కళ్ళల్లో పడుతోంది. జాకీ కాలు ఒకసారి కుంగింది. "ఇట్టా అయితే నిన్ను ఈ గుంటలోనే పూడ్చి పైన దీపం పెట్టాలి. సిమెంటు చేయించరా," అన్నాడు బాషా. మర్నాడే మేస్త్రీ వచ్చాడు. గుంటను మరో రెండడుగులు లోతు తవ్వి, నాలుగు వైపులా, అడుగున సిమెంటు పూశాడు. సామ్రాజ్యం వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏవయ్యా, గుంటకి సిమెంటా?"

"మట్టి రాలుతోందే. మీద పడితే పోయేది నేను."

"మళ్ళీ మట్టి గుంట చేస్తావా?"

"చేస్తాను."

ఆమె అంతకుమించి అడగలేదు. ఆమె అడ్డుచెప్పలేదు కాబట్టి ఒప్పుకున్నట్టేనని తరవాత కొందరు వాదించారు. ఆ వాదన చెల్లదు. ఆమె అడగవలసింది అడిగింది. ఆయన మాట ఇచ్చాడు.

మూడు నెలలు పది నెలలయ్యాయి. హెడ్ గుంటూరు లేతు షాపులో చదును చేయించుకు వచ్చేసరికి బ్రేకు గొట్టాలు తుప్పుపట్టి తేలాయి. అవి అయ్యేసరికి స్ప్రింగుల బుష్‌లు. ఆ సైజువి ఎక్కడా దొరక్క హైదరాబాదు నుంచి తెప్పించాలి. రెండో ఏడు వైరింగు. ఎలుకలు కొరికిన తీగలను మార్చాలంటే ఏ తీగ ఎక్కడికి పోతుందో తెలియాలి. రంగులన్నీ వెలిసిపోయి ఒకేలా ఉన్నాయి. మూడు రోజులు చెంచురామయ్య తల పట్టుకుని కూర్చున్నాడు. నాలుగో రోజు సామ్రాజ్యం వచ్చి కారు ముందు పీట వేసుకుంది. తన దగ్గర మిగిలిన రంగు నూలు తెచ్చి, ఒక్కొక్క తీగకు రెండు వైపులా ఒకే రంగు దారం ముడివేస్తూ పోయింది. రెండు వందల పైచిలుకు తీగలు. పడుగులో వేల పోగులు అతికిన వేళ్ళకు అది పెద్ద పని కాదు. ఒక్కటీ తప్పలేదు. దీపాలు వెలిగిన రోజున బాషా, "వదినా, నువ్వు ముందే చెయ్యేసుంటే వీడు ఈపాటికి కలకత్తా దాకా పోయి వచ్చేవాడు," అన్నాడు. ఆమె నవ్వింది. భార్యాభర్తలకు పడలేదన్నవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవలసింది.

వీధిలోవాళ్ళు ఊరుకునేవారు కాదు. "ఏం చెంచన్నా, ఈ ఏడు చీరలన్నీ కార్లోనే నేస్తారంటగా?" అని ఒకడు. "నేతకి గేర్లెన్నున్నాయి?" అని మరొకడు. ఆయన తల ఎత్తకుండా పనిచేసుకునేవాడు. పని బాగా చేశాడు. ఇందులో అనుమానం లేదు. తొందరపడిన చోటు ఒక్కటీ లేదు. తను చెడగొట్టిన ప్రతి భాగాన్నీ తన చేతులతోనే తిరిగి నిలబెట్టాడు. ఆ నాలుగేళ్ళలో సామ్రాజ్యానికి పడుగులిచ్చి నేయించే మాస్టర్ వీవరు మూడుసార్లు వచ్చి, "ఎప్పుడు ఎక్కిద్దామమ్మా?" అని అడిగి వెళ్ళాడు. నాలుగోసారి రాలేదు.

2025 మే నెలలో, కావాలనే ఎండ మండే రోజు చూసుకుని, చెంచురామయ్య కారును దర్శి దాకా నడిపాడు. పక్కన సామ్రాజ్యం, వెనక బాషా. ముల్లు సగం దగ్గరే నిలబడింది. తిరుగుదారిలో ప్రత్తిపాడు వెళ్ళి మిల్లు ముందు ఆపాడు. యజమాని కొడుకు బయటికి వచ్చి చుట్టూ తిరిగి చూశాడు.

"భలే చేశావయ్యా. మా నాన్న ఉంటే మురిసిపోయేవాడు. మన ఎండలకు ఆగదనేవాడు పాపం."

"ఆగుతుందండి. నేనే బోరు నీళ్ళు పోసి పాడుచేశాను. ముల్లు ఎర్రగీత దాటినా ఆపలేదు. మీ నాన్నగారికి అబద్ధం చెప్పాను బాబుగారూ."

కొడుకు ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూశాడు. "ఇప్పుడెందుకులే చెంచురామయ్యా. ఆయనే లేడు. లోపలికి రండి, మజ్జిగ తాగుదురు గాని," అన్నాడు.

పదమూడేళ్ళు మోసిన మాట అంత తేలిగ్గా దిగిపోయింది. దాన్ని అందుకోవలసిన మనిషి లేడు. ఇంటికి వచ్చే దారిలో సామ్రాజ్యం చీరాల చేరబోతుండగా అడిగింది.

"ఇందుకా ఇదంతా?"

"అవును."

"ఆ మాట మొదటి రోజే నాకు చెప్పుంటే, బండిని ఇంటికి తేవక్కర్లేకుండానే ఆయనగారి కొడుక్కి చెప్పి వచ్చేవాళ్ళం కదయ్యా."

ఆ వారమే కారును వీధిలోకి తీసి, మగ్గం దించాడు. అదనంగా తవ్విన రెండడుగులు మట్టితో పూడ్చి మెత్తాడు. గోడల సిమెంటు మాత్రం గట్టిగా, శుభ్రంగా ఉందని వదిలేశాడు. బతిమాలగా మాస్టర్ వీవరు ఒక్క పడుగు ఇచ్చాడు, పాతరోజుల వంద కౌంటే. సామ్రాజ్యం స్నానం చేసి, దణ్ణం పెట్టుకుని గుంటలోకి కాళ్ళు దించింది.

మొదటి గంటలో పద్నాలుగు పోగులు తెగాయి. మర్నాడు ఇంకా ఎక్కువ. ఆమె ఒక్కొక్కటే అతుక్కుంటూ వచ్చింది. మూడో రోజు చెంచురామయ్య గుంట అంచున కూర్చుని చూస్తుండగా, తన తండ్రి వేసవిలో గుంటలో చాప కూడా పరవనిచ్చేవాడు కాదని గుర్తుకొచ్చింది. మట్టి ఊపిరి పైకి రావాలనేవాడు. ఆ చెమ్మ తగిలితేనే సన్ననూలు తెగకుండా ఉంటుంది. చెంచురామయ్యకు ఇది తెలియనిది కాదు. పదేళ్ళ వయసుకే తెలుసు. సిమెంటు పూయించిన రోజున ఆ సంగతి ఆయనకు తోచలేదు. అంతే.

ఉలి, సుత్తి తీసుకుని సిమెంటంతా కొట్టేశాడు. వెనక నుంచి వచ్చిన మట్టి నల్లగా, ఇంజను ఆయిలు వాసనతో ఉంది. కంటికి కనపడని పగుళ్ళలోంచి నాలుగేళ్ళు ఇంకిన నూనె. చెమ్మతో పాటు ఆ వాసన కూడా పైకి వచ్చి నూలుకు పట్టింది. తవ్వి కొత్త మట్టి వేశాడు; మళ్ళీ తవ్వాడు. ఈలోగా మాస్టర్ వీవరు వచ్చి, చీర అంచును ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "ఏమనుకోకండమ్మా," అని సగం నేసిన పడుగును కోయించుకుని వెళ్ళాడు.

"ఇంకో ఏడాది ఆగుదాం. మట్టి మారుతుంది," అన్నాడు చెంచురామయ్య.

"మట్టి మారుద్దిలేవయ్యా. నా మోకాళ్ళు మారవు," అంది సామ్రాజ్యం. నాలుగేళ్ళు గుంటలో దిగని కాళ్ళు ఆ మూడు వారాలకే వాచిపోయాయి. ఆ మాట అనడంలో ఆమె గొంతు పెంచలేదు.

ఇప్పుడు ఆమె పక్కింటి మగ్గానికి నూలు కండెలు చుడుతోంది. నేత చేతకాని రోజుల్లో, ఎనిమిదో ఏట చేసిన పని అది. చెంచురామయ్య కారును ఆదివారాలు తుడిచి, ఇంజను ఆడించి, ఆపేస్తాడు. చూడటానికి వచ్చినవాళ్ళు మెచ్చుకుంటే లోపలికి వెళ్ళిపోతాడు.

జరిగింది ఇది. చెంచురామయ్య తను పాడుచేసిన కారును తన చేతులతో, ఏ లోపమూ లేకుండా బాగు చేశాడు. ఆ పని కోసం, చక్కగా నడుస్తున్న భార్య మగ్గాన్ని ఆపించి, మళ్ళీ నడవకుండా చేశాడు.