బెత్తెడు సిపాయి

పరమేశ్వరి ఇస్లాపూర్‌లో ఒక కంచరి ఇంట్లో పుట్టింది. తండ్రికి మగపిల్లలు లేకపోవడంతో గంటలు, దీపపు సెమ్మెలు, ఇత్తడి గుర్రాలు పోతపోసే పని అంతా ఆమెకే వచ్చింది. రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేసే పాపయ్యను పెళ్లాడి నాందేడ్ క్వార్టర్‌కు వచ్చేటప్పుడు చిన్న కొలిమి తిత్తి, ఇత్తడి కరిగించే మూస, మైనం చెక్కే వెదురు పుల్లల కట్ట వెంట తెచ్చుకుంది. పెరట్లో చిన్న కొలిమి పెట్టుకుని అడిగినవాళ్లకు దీపాలు పోసిచ్చేది. మనిషి బొమ్మ మాత్రం అంతవరకు చేయలేదు.

1974 ఏప్రిల్‌లో, హైస్కూలులో చరిత్ర చెప్పే దిగంబర్ గురూజీ ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. బడిలో కంధార్ కోట నమూనా కడుతున్నారట. దాని పక్కన నిలబెట్టడానికి మూడు వందల ఏళ్ల కిందటి తుపాకీ సిపాయి కావాలి. ఎత్తు బెత్తెడు, పోత ఇత్తడిలో. ఆ కాలపు తుపాకీని జామగితో, అంటే నిప్పు రగిలే తాడుతో పేల్చేవారని గురూజీ వివరించాడు. ఆయన తెచ్చిన పటంలో సిపాయి ముందు వైపే కనిపిస్తున్నాడు. వీపు మీద పట్టీ ఎటు పోతుందో, తుపాకీ మందు నింపుకునే కొమ్ము ఎక్కడ వేలాడుతుందో ఆయనకూ తెలియదు. పరమేశ్వరి తువ్వాలను భుజం మీదుగా కట్టుకుని, చీపురును తుపాకీలా పట్టుకుని చూసింది. ఎడమ భుజం నుంచి కుడి తుంటికి దిగితేనే కొమ్ము చేతికి అందుతోంది. అలాగే చేస్తానంది.

మేలో రైల్వే సమ్మె మొదలైంది. పాపయ్య యూనియన్ మనిషి. ముందురోజే కిన్వట్ పక్కన గోకుందలోని చిన్నాన్న ఇంటికి వెళ్లిపోయాడు. సమ్మె చేసినవాళ్లను పట్టుకెళ్తున్నారని, కొన్ని ఊళ్లలో క్వార్టర్లు కూడా ఖాళీ చేయిస్తున్నారని రోజుకో వార్త వచ్చేది. పిల్లలిద్దరినీ పుట్టింటికి పంపి పరమేశ్వరి ఒక్కతే ఉండిపోయింది. ఇత్తడి పోయడానికి ముందు బొమ్మను మైనంతో చేయాలి. ఆ ఎండలకు మైనం నిలవదు. తెల్లవారాక రెండు గంటలు పనిచేసి, బొమ్మను తడిగుడ్డ చుట్టిన కుండలో దాచేది. పట్టీ కుదిరింది, తలపాగా కుదిరింది. కానీ సిపాయి పాతిన గుంజలా నిలబడ్డాడు. నాలుగుసార్లు కరిగించి నాలుగుసార్లు చేసింది. అదే గుంజ.

ఒక ఉదయం పోలీసులు వచ్చారు. సబ్ ఇన్‌స్పెక్టర్ ఇల్లంతా వెతికి, కుండ మూత తీసి బొమ్మను పిడికిట్లో పట్టుకున్నాడు. తుపాకీ బొమ్మ ఎందుకు, ఎవరు చేయమన్నారు అని ప్రశ్నలు వేశాడు. గురూజీ పేరు చెబుతూనే ఆమె అతని చేతినే చూస్తోంది.

"సాబ్, గది మైనం. చేతి వేడికి కరుగుతది. కింద పెట్టుండ్రి."

అతను కింద పెట్టేసరికే బొమ్మ మోకాలు వంగి, తుపాకీ పట్టిన చేయి ఊడిపోయింది. అతను బయటికి నడిచి, నాగనాథ్ అనే కానిస్టేబుల్‌ను గేటు దగ్గర కాపలా పెట్టి వెళ్లాడు. పాపయ్య ఎప్పటికైనా ఇంటికి రాక తప్పదని వాళ్ల లెక్క.

నాగనాథ్ బిలోలి వైపు మనిషి, నలభై దాటినవాడు. పొద్దెక్కేకొద్దీ అతని బరువంతా ఎడమ కాలి మీదికి వచ్చేది. కుడి మోకాలు సడలేది, తుంటి ఒక పక్కకు జరిగేది, లాఠీ భుజానికి ఆనేది. కిటికీలోంచి చూస్తున్న పరమేశ్వరికి తన సిపాయిలో ఏది తప్పో అప్పుడు తెలిసింది. కోట మీద పొద్దంతా నిలబడ్డవాడు కూడా అలసిపోయే ఉంటాడు. ఆమె మళ్లీ మైనం ముద్ద తీసింది.

మూడో రోజు నాగనాథ్ కిటికీ దగ్గరికి వచ్చాడు.

"నన్నే చూస్తున్నవేంది తాయీ? ఎవలకన్న సైగ చేస్తున్నవా?"

ఆమె బొమ్మను పీట మీద పెట్టి చూపించింది. అతను చాలాసేపు చూశాడు. సడలిన కాలి మడమ కొంచెం లేస్తుందని, నడుం గుంజుతుంటే బొటనవేలు బెల్టులో దోపుకుంటారని చెప్పి గేటు దగ్గరికి వెళ్లాడు. ఆమె రెండూ సరిచేసింది.

మర్నాడు పక్కింటి వత్సల నీళ్ల బిందె దించుకునే వంకతో వచ్చి గుసగుసగా కబురు చెప్పింది. కిన్వట్ నుంచి వచ్చే మొదటి బస్సుకు పాపయ్య ఎల్లుండి వస్తున్నాడు. గోకుందలోనూ పోలీసులు అడుగుతున్నారట. ఇంట్లోంచి బట్టలు తీసుకుని వేరే చోటికి పోతాడట. రావద్దని కబురు పంపే దారి లేదు.

పాపయ్య రావలసిన పొద్దున పరమేశ్వరి గేటు దగ్గరికి వెళ్లి, తుపాకీ పట్టే వేళ్లు కుదరడం లేదని, కాసేపు పెరట్లో లాఠీ పట్టుకుని నిలబడమని నాగనాథ్‌ను అడిగింది. అతను వచ్చి కొలిమి పక్కన నిలబడ్డాడు. ఆమె దబ్బనం తీసుకుని బియ్యపు గింజంత వేళ్లు చెక్కసాగింది. దబ్బనం జారి బొమ్మ వేలు ఒకటి తెగింది. మళ్లీ అతికించింది.

ముందు గేటు కిర్రుమంది. పాపయ్య దగ్గు ఆమెకు తెలుసు. లోపల పెట్టె మూత తెరుచుకుంది, మూసుకుంది. వత్సల గొంతు తగ్గించి ఏదో అంది. పరమేశ్వరి తల ఎత్తలేదు. నాగనాథ్ లాఠీ మీద పిడికిలి బిగుసుకుంది. అతను ఒక్క అంగ వేస్తే చాలు, అంతా అయిపోతుంది. గేటు మళ్లీ కిర్రుమనేదాకా అతను ఆ అంగ వేయలేదు.

"పని అయితే చెప్పు తాయీ," అన్నాడతను. "నేను గేటు కాడికి పోవాలె."

ఆమె అయిందంది. అతని ముఖం చూడలేకపోయింది.

మే నెలాఖరుకు సమ్మె విరమించారు. జూన్‌లో పాపయ్య వచ్చేసరికి సస్పెన్షన్ కాగితం కాచుకుని ఉంది. తిరిగి డ్యూటీలో చేరడానికి ఏడు నెలలు పట్టింది. నాగనాథ్‌ను అప్పటికే వేరే స్టేషన్‌కు మార్చారు. పుట్టమన్ను మెత్తిన బొమ్మను కాల్చి, మైనం కారిపోయాక, పాపయ్య తిత్తి ఊదుతుంటే పరమేశ్వరి ఇత్తడి పోసింది. మట్టి చల్లారుతుండగా ఆ పొద్దుటి సంగతి చెప్పింది.

"గేటు చప్పుడు విన్నడంటవా?" అన్నాడు పాపయ్య.

"విన్నడు. వినే నిలబడ్డడు. నేనే మోసం చేసిన."

మట్టి పగలగొడితే వేళ్లు, పట్టీ, లేచిన మడమ అన్నీ నిండుగా దిగాయి. తుపాకీ కొన వరకు మాత్రం ఇత్తడి చేరలేదు. ఆకురాయితో నున్నగా రుద్ది, తీగ ముక్క అతికించి సరిచేసింది. దిగంబర్ గురూజీ బొమ్మను అరచేతిలో అన్ని వైపులా తిప్పి చూశాడు. ఇంత అలసిన సిపాయిని తాను ఏ పటంలోనూ చూడలేదన్నాడు. పిల్లలు ముట్టుకోకుండా అద్దాల బీరువాలో పెట్టించి, ఈసారి గుర్రపు రౌతు కావాలని అడిగాడు. ఆ రౌతు ఆమెకు కుదరడానికి మూడేళ్లు పట్టింది.