సున్నుండకు ముందు పది

మా మనవరాలు గ్రహణమొర్రితో పుట్టింది. నెలల పిల్లగా ఉన్నప్పుడే పై పెదవికి ఆపరేషన్ చేశారు. అంగిలి మొదటి నుంచీ బాగానే ఉంది. అయినా ఏడాది దాటాక కూడా పిల్ల 'ఆ' అనడమే తప్ప, పెదవులు కలిపి 'మ' అనలేదు. నా కూతురికి అదే బెంగ. ఇది నన్ను అమ్మా అని పిలుస్తుందా అని.

మేముండే ఢిల్లీలోనే, జనక్‌పురిలో స్పీచ్ థెరపిస్ట్ దగ్గరకు తీసుకెళ్లాం. ఆవిడ బంతి చూపించి, "క్యా చాహియే?" అని, ఏం కావాలో పిల్లను అడిగింది. పిల్ల నోరు తెరిచేలోగా నేనే అందుకుని దాని చేతిలో పెట్టేశాను.

"అంకుల్‌జీ, నేనడిగింది మిమ్మల్నా, పాపనా?" అంది ఆవిడ హిందీలో. "పెదవి బాగానే ఉంది. మీరే దానికి వంతు రానివ్వడం లేదు. అడగండి, ఆగండి."

ఎంతసేపు ఆగాలో మాత్రం చెప్పలేదు. లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. కొలత లేని సలహా నాకు మింగుడుపడదు. పిల్లకు ఏదిచ్చినా ముందు మనసులో పది లెక్కపెట్టాలని ఇంట్లో శాసనం చేశాను. నా భార్య నర్సు. "నాడి చూస్తున్నట్టుందండీ" అని నవ్వుతూనే పాటించింది. కొన్నాళ్లకు కూరగాయల భయ్యా "ఔర్ కుఛ్?" అని, ఇంకేమైనా కావాలా అన్నా మా వాళ్లు పది లెక్కపెట్టాకే జవాబిచ్చేవాళ్లు.

ఓ ఆదివారం మా ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నాం. మధ్యలో సున్నుండల పళ్లెం. ప్రార్థన అయ్యేదాకా ముట్టుకోకూడదు. సంఘంలోని ఆంటీ కళ్లు మూసుకుని, "ప్రభువా, ఈ చంటిబిడ్డ నోరు తెరువు తండ్రీ!" అని ఆగింది.

అక్కడ మేం "స్తోత్రం" అనాలి. అలవాటుకొద్దీ ముగ్గురం లెక్కపెడుతున్నాం.

ఆంటీ ఒక కన్ను తెరిచి చూసింది. "తెరువు తండ్రీ!" అని గొంతు పెంచి మళ్లీ ఆగింది. మళ్లీ నిశ్శబ్దం.

ఆ సందులో, తల్లి ఒళ్లోంచి, "మ్మా! మ్మా!"

"స్తోత్రం!" అంది ఆంటీ ఒక్కతే.

"నన్నే!" అని నా కూతురు కళ్లు తుడుచుకుంది.

నాకు అనుమానం. పళ్లెం మెల్లగా ఎడమకు జరిపాను. పిల్ల చూపూ జరిగింది. "మ్మా!"

"నిన్ను కాదే, సున్నుండని."

"అయితే ఏంటంట? పెదవులు కలిశాయా లేదా?"

"కలిశాయి."

"మరి కొంచెం చిదిపి ఇటివ్వు."

చెయ్యి పళ్లెం మీద ఆగింది. ఆరు దగ్గర ఉన్నాను.

"నాన్నా! అది అడిగేసింది. ఇంకా లెక్కేంటి?"