బదులెవరు?

నా చిన్నప్పుడు, దోహాలో, ఉగాది పచ్చడి మూలంగా ఒక అధ్యక్షుడి పదవి ఊడిపోయింది. ఆ అధ్యక్షుడు మా నాన్నే. ఇప్పుడు అదే దోహాలో, ఐన్ ఖాలిద్ పేటలో కూర్చుని నవ్వుకుంటూ రాస్తున్నాను గానీ, ఆరోజు నాకు గుండె పగిలినంత పనైంది.

అప్పట్లో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక పెద్ద విల్లాను వాటాలు చేసుకుని అన్నీ తెలుగు కుటుంబాలమే ఉండేవాళ్ళం. ఉగాది కలిసి చేసుకోవాలని కమిటీ పెట్టారు. కోస్తావాళ్ళకూ తెలంగాణవాళ్ళకూ పేచీ రాకూడదని, ఎటూ కాని మా కర్నూలు నాన్నను అధ్యక్షుణ్ణి చేశారు. పేచీ రానే వచ్చింది. కోస్తావాళ్ళ పచ్చడి చిక్కగా ఉంటుంది, చెంచాతో తినాలి. తెలంగాణవాళ్ళది పల్చగా కుండలో కలిపి గ్లాసుల్లో పోసుకుని తాగేది. ఎవరికి వారు తమదే అసలు పచ్చడంటారు. విసిగిపోయిన నాన్న, ఈ ఏడు పచ్చడే వద్దు, తలో ఖర్జూరం పంచుదామని తేల్చేశాడు. అంతవరకూ ఎడమొహం పెడమొహంగా ఉన్న రెండు పక్షాలూ ఒక్కటై, నాన్నను దించాల్సిందేనన్నాయి.

పక్క విల్లాలో నాన్నతో పనిచేసే జర్మన్ ఇంజనీరు ఉండేవాడు. మా అమ్మ పెట్టే పెరుగన్నానికి అలవాటుపడిన మనిషి, మాకు జర్మన్ తాతయ్య. ఏ జిల్లావాడూ కాదు కాబట్టి చేతులు లెక్కపెట్టడానికి ఆయన్నే రమ్మన్నారు. మీటింగుకు ముందురోజు సాయంత్రం మా ఇంటికొచ్చి సంగతంతా విన్నాడు. పచ్చడి కోసమా అని నవ్వలేదు.

ఆయన పుట్టకముందు వాళ్ళ దేశంలోనూ ఇంతేనట. ఒకరంటే ఒకరికి పడని పార్టీలు ప్రభుత్వాన్ని పడగొట్టడానికి మాత్రం చేతులు కలిపేవి. కొత్తది నిలబెట్టమంటే ఎవరి దారి వారిదే. ఆ సందులో ఒక నియంత దూరి, మిగతా పార్టీలన్నీ మూయించి, వాటిలో ఒక పార్టీ మనిషైన తాతయ్య వాళ్ళ నాన్నను జైల్లో వేయించాడు. యుద్ధంలో దేశం నేలమట్టమయ్యాక, ఆ నాన్నా, ఆయన పాత ప్రత్యర్థీ ఒకే హోటల్ వెనకగదిలో కూర్చుని ఎవరి పార్టీని వాళ్ళు మళ్ళీ మొదలుపెట్టారట. మీటింగు పెట్టుకోవాలన్నా గెలిచిన సైన్యాల అనుమతి కావాలి. ముందు ఊళ్ళకు ఎన్నికలు, తర్వాత రాష్ట్రాలకు, ఆఖరికి పశ్చిమ జర్మనీ అంతటికీ. ఇల్లు కట్టినట్టు కింది నుంచి కట్టుకొచ్చి, రాజ్యాంగంలో ఒక మెలిక పెట్టుకున్నారు. ప్రభుత్వాన్ని నడిపేవాణ్ణి దించాలంటే, ఆ చోటికి వచ్చేదెవరో ముందే చెప్పాలి, ఆ పేరుకు పార్లమెంటులో సగానికి మించి ఓట్లు పడాలి.

'ఇన్‌స్టెడ్' అనడానికి తెలుగులో ఏమంటారని తాతయ్య నన్నడిగాడు. 'బదులు' అని చెప్పాను. నాకు కొండంత ధైర్యం వచ్చింది. ఈ రెండు పక్షాలూ ఒక పేరు మీద కలవడం కల్ల, నాన్న పదవి పదిలం.

శుక్రవారం వాకిట్లో మీటింగు. దించుదామని చేతులు లేచాయి. తాతయ్య వాటిని లెక్కపెట్టకుండా, తన ఇంగ్లీషులో మెలిక సంగతి చెప్పి, నేను నేర్పిన తెలుగులో “బదులెవరు?” అన్నాడు.

ఆ మాటకు జవాబు అనే అర్థం కూడా ఉందని నేనాయనకు చెప్పనేలేదు. ఇంగ్లీషు అంతగా రాని, ఎప్పుడూ నోరు విప్పని కరీంనగర్ మామ, జవాబు చెప్పేదెవరని అడుగుతున్నాడనుకుని, లేచి “నేను” అన్నాడు. వాకిలంతా నవ్వులు. సంగతి తెలిసి మామ రెండు చేతులూ అడ్డంగా ఊపాడు.

“ప్రెసిడెంట్ అయ్యేతందుకు లేవలే నేను. రెండు తీర్ల పచ్చడి చేద్దాం, ఎవలకు నచ్చింది వాళ్ళు తీసుకుంటరని చెప్దామని లేచిన.”

నవ్వులు ఆగిపోయాయి. గుంటూరు అత్తయ్య, “అన్నయ్యగారు చెప్పింది బానే ఉందండి, ఆయన్నే ప్రెసిడెంటుగా ఉండమనండి” అంది. ఒక్కొక్క చెయ్యీ లేచింది. అందరికంటే ముందు లేచింది మా నాన్న చెయ్యి.

నేను వాటర్ ట్యాంకు చాటుకెళ్ళి ఏడ్చాను. నా నోటి మాటే నాన్న పదవి తీసిందని. తాతయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు. యుద్ధం తర్వాత వాళ్ళ ఊరి మొదటి ఎన్నికలో వాళ్ళ నాన్న, హోటల్ గదిలో కలిసి కూర్చున్న ఆ మనిషి చేతిలోనే ఓడిపోయాడట. ఆ సాయంత్రం ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడట. ఓడిపోయి ఈలేమిటని వాళ్ళమ్మ అడిగితే, “పోయినసారి ఓడితే జైలుకెళ్ళాను, ఈసారి ఇంటికొచ్చాను” అన్నాడట.

నాకు సగమే అర్థమైంది. ఇంతలో నాన్న నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. “ఏడుస్తావేందిమా? ఆకలైతాంది, పా, ఇంటికి పోదాం” అన్నాడు. వెళ్ళి, ఎప్పటిలాగే మారు వడ్డించుకుని తిన్నాడు. పండగనాడు మామ పక్కన కూర్చుని రెండు పచ్చళ్ళకూ మామిడికాయలు తరిగాడు.

ఆ మిగతా సగం నాకు పెద్దయ్యాక అర్థమైంది. ఇప్పటికీ ఎక్కడ ఎన్నికలు జరిగినా గెలిచినవాళ్ళ దండలూ ఊరేగింపులూ నా కంటికి ఆనవు. ఓడినవాడు ఆ పూట క్షేమంగా ఇంటికి చేరి, పెళ్ళాం పిల్లలతో కూర్చుని అన్నం తిన్నాడా అని చూస్తాను. తిన్నాడని తెలిస్తే, ఆ దేశానికి ఏ భయమూ లేదనుకుని నేనూ కంచం ముందు కూర్చుంటాను.